ముగ్గు తనంతట తానే పడేలా: వెబ్ పేజీలో ఎస్‌వీజీ గీతలు, కొంచెం జావాస్క్రిప్ట్

పేజీ తెరవగానే ముందు చుక్కలు పడతాయి, తర్వాత ఒక గీత మొదలై చుక్కల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోయి పోయి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. చూసేవాళ్లకు ఎవరో అప్పుడే వాకిట్లో కూర్చుని వేస్తున్నట్టు ఉంటుంది. ఇది వీడియో కాదు, గిఫ్ కూడా కాదు. ఒక ఎస్‌వీజీ బొమ్మ, దానికి ముప్పై నలభై లైన్ల జావాస్క్రిప్ట్, అంతే. సంక్రాంతికి, బతుకమ్మకు పేజీలు చేసేవాళ్లు, మా నల్లగొండ వైపు చేనేత చీరల పేజీలు చేసేవాళ్లు దీన్ని తప్పకుండా నేర్చుకోవాలని నా కోరిక, ఎందుకంటే మన బొమ్మల్లో సగం గీతల బొమ్మలే.

ఒక మాట ముందే చెప్తున్నా. ఇందులో కోడ్ కష్టం కాదు. బొమ్మ తయారు చేసుకోవడంలోనే అసలు పని ఉంది. గీతలు ఏ వరుసలో ఉన్నాయి, ఏ దిక్కు నుంచి మొదలవుతున్నాయి, ఎన్ని ముక్కలుగా ఉన్నాయి అన్నది సరిగ్గా ఉంటే కోడ్ దానంతట అదే కుదురుతుంది. అది సరిగ్గా లేకపోతే ఎంత మంచి లైబ్రరీ పెట్టినా కదలిక గజిబిజిగానే వస్తుంది. అందుకే ఇక్కడ బొమ్మ గురించే ఎక్కువ రాస్తున్నా. కోడ్‌లో వాడే పేర్లు పలికినట్టుగా తెలుగులో ఇస్తున్నా, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

కిటుకు ఇదీ

ఎస్‌వీజీలో బొమ్మంటే పిక్సెళ్లు కాదు, లెక్కలు. ఇక్కడ మొదలుపెట్టు, ఇక్కడికి గీత లాగు, ఇక్కడ వంచు అని రాసి ఉంటుంది. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ దీన్ని 2001లోనే ప్రమాణంగా ప్రకటించింది, ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నీ దీన్ని చూపిస్తాయి. ఎంత పెద్దది చేసినా గీత పగలదు, ఒక మామూలు ముగ్గు ఫైలు కొన్ని కేబీల్లోనే అయిపోతుంది.

అయితే గీతను నెమ్మదిగా గీయమని చెప్పడానికి ఎస్‌వీజీలో నేరుగా ఏ ఆదేశమూ లేదు. ఉన్నదల్లా గీతను తెంపులు తెంపులుగా, అంటే డాష్ లైన్‌గా చూపించే సదుపాయం. స్ట్రోక్-డాష్‌అరే అనే లక్షణానికి 10, 5 అని ఇస్తే పది యూనిట్లు రంగు, ఐదు యూనిట్లు ఖాళీ, మళ్లీ పది రంగు, ఇలా గీత చివరిదాకా పోతుంది. పోచంపల్లిలో ఇక్కత్ నూలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నూలుకు అక్కడక్కడా రబ్బరు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు పట్టదు, విప్పాక ఒకే దారం మీద రంగున్న ముక్క, రంగు లేని ముక్క వరుసగా వస్తాయి. డాష్‌అరే ఆ కట్ల కొలత. ఇప్పుడు రంగు ముక్కను గీత మొత్తం పొడవంత పెట్టండి, ఖాళీ ముక్కను కూడా అంతే పెట్టండి. స్ట్రోక్-డాష్‌ఆఫ్‌సెట్ ఆ దారాన్ని గీత వెంబడి ఎంత జరపాలో చెబుతుంది. పొడవంతా జరిపితే గీత మీదికి ఖాళీ ముక్కే వస్తుంది కాబట్టి ఏమీ కనపడదు. సున్నాకు తెస్తే రంగు ముక్క గీతనంతా కప్పేస్తుంది. పొడవు నుంచి సున్నాకు మెల్లగా తగ్గిస్తూ పోతే గీత గీసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

మరి గీత పొడవెంత? వంకరగా తిరిగిన గీతను స్కేలు పెట్టి కొలవలేం కదా, దానికి జావాస్క్రిప్ట్‌లో గెట్‌టోటల్‌లెంగ్త్ అనే ఫంక్షన్ ఉంది. ముందు ఒక వృత్తంతో పరీక్షించి చూడండి: వ్యాసార్థం 50 ఉన్న సర్కిల్ పెట్టి బ్రౌజర్ కన్సోల్‌లో దాని గెట్‌టోటల్‌లెంగ్త్ అడిగితే 314 చిల్లర చెబుతుంది. బళ్లో చదివిన రెండు పై ఆర్ లెక్కే. దీనితో మీ స్క్రిప్ట్ బొమ్మను పట్టుకుంటోందో లేదో కూడా తెలిసిపోతుంది.

బొమ్మ గీయడం

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దీనికి అది చాలు. కొత్త డాక్యుమెంట్ 400 బై 400 పెట్టుకోండి, వ్యూబాక్స్, అంటే బొమ్మ లోపలి కొలతల చట్రం, కూడా 0 0 400 400 ఉండాలి. మనం వేసేది 5 చుక్కలు, సందు చుక్క, 3 వచ్చే వరకు. నడుమ వరుసలో 5, పైన కింద 4, ఆ పైన ఆ కింద 3, మొత్తం 19. చుక్క చుక్కకూ 60 దూరం పెడితే వరుస వరుసకూ 52 పెట్టాలి, అప్పుడు మూడు పక్క చుక్కలు సమభుజ త్రిభుజంలా కూర్చుంటాయి. నడుమ వరుస 200 ఎత్తులో 80, 140, 200, 260, 320 దగ్గర. దాని పైవరుస 148లో, కిందివరుస 252లో, 110 నుంచి మొదలు. చివరివి 96లో, 304లో, 140 నుంచి మొదలు. ఈ చుక్కలను గీసేటప్పుడు గైడ్‌గా పెట్టుకుని, అసలు పేజీలో మాత్రం జావాస్క్రిప్ట్ లూప్‌తోనే వేయించండి, ఎందుకంటే రేపు 7 చుక్కల ముగ్గు కావాలంటే అంకెలు మారిస్తే సరిపోతుంది.

మెలికను పెన్ టూల్‌తో గీయండి. ఫిల్ (లోపల నిండే రంగు) తీసేయండి, స్ట్రోక్ (గీత) మాత్రమే ఉంచండి. కాగితం మీద వేసిన ముగ్గును ఫోటో తీసి ట్రేస్ బిట్‌మ్యాప్‌తో మార్చేద్దామని అనిపిస్తుంది, కానీ మామూలు ట్రేసింగ్ గీతను గీతగా ఇవ్వదు, గీత చుట్టూ అంచు ఇస్తుంది. దాన్ని కదిలిస్తే ముగ్గు పడుతున్నట్టు ఉండదు, ముగ్గు చుట్టూ ఎవరో హద్దు గీస్తున్నట్టు ఉంటుంది. ఇంక్‌స్కేప్ 1.0 నుంచి సెంటర్‌లైన్ ట్రేసింగ్ వచ్చింది, అది గీత నడిమి నుంచి ఒకే దారి ఇస్తుంది, అయితే మెలికలు ఒకదానినొకటి దాటే చోట ముక్కలైపోతుంది. ముగ్గుకైతే ఫోటోను కింద పెట్టుకుని పైన చేత్తో గీయడమే మేలని నా అభిప్రాయం.

ఇక మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది ముక్కలు. చూడ్డానికి నాలుగు వేరు వేరు గీతలున్నా ఫైల్లో అవి ఒకే పాత్‌గా, అంటే ఒకే గీత ఆదేశంగా, కలిసి ఉండొచ్చు. అలా ఉంటే డాష్ ప్రతి ముక్కకూ మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది, పొడవు మాత్రం అన్నీ కలిపి వచ్చింది. ఫలితం ఏంటంటే నాలుగూ ఒకేసారి మొదలై, చిన్నవి ముందే అయిపోయి, మిగతా సమయం ఏమీ జరగకుండా గడిచిపోతుంది. పాత్ మెనూలో బ్రేక్ అపార్ట్ నొక్కితే విడిపోతాయి.

రెండోది దిక్కు. గీత మీరు మొదలుపెట్టిన కొస నుంచే కదులుతుంది. పాలమూరు పిల్లలమర్రి బొమ్మ వేస్తున్నారనుకోండి, మాను కింది నుంచి పైకి పోవాలి, కొమ్మలు మాను నుంచి బయటికి పోవాలి, ఊడలు మాత్రం కొమ్మ నుంచి నేలకు దిగాలి. ఊడ నేల నుంచి పైకి పాకితే చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా. తప్పు దిక్కున్న గీతను పట్టుకుని పాత్ మెనూలో రివర్స్ నొక్కండి. సర్కిల్ అయితే ఎప్పుడూ కుడి పక్కన, గడియారంలో మూడు గంటలున్న చోట మొదలై గడియారం తిరిగినట్టే తిరుగుతుంది. పై నుంచి మొదలవ్వాలంటే మైనస్ 90 డిగ్రీలు తిప్పాలి.

మూడోది వరుస. స్క్రిప్ట్ గీతలను ఫైల్లో ఉన్న వరుసలోనే తీసుకుంటుంది. ఇంక్‌స్కేప్ ఆబ్జెక్ట్స్ ప్యానెల్‌లో అన్నిటికంటే కింద ఉన్నది ఫైల్లో అన్నిటికంటే ముందుంటుంది, కాబట్టి ముందు పడాల్సిన గీతను కిందికి దించండి. ముగ్గులో మెలిక ముందు, చుట్టూ గడులు తర్వాత, మూలల్లో పువ్వులు చివర. ఇంట్లో ముగ్గు వేసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏది ముందు వేస్తారో అడగండి, ఆ వరుస వాళ్లకు తెలిసినంత బాగా ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేయండి. సైజు తగ్గించడానికి ఎస్‌వీజీఓ లాంటిది వాడితే అందులో మర్జ్‌పాత్స్ అనేది ఆపేయండి, లేకపోతే మీరు కష్టపడి విడదీసిన గీతలను అది మళ్లీ కలిపేస్తుంది. ఐడీలు తీసేసేది కూడా ఆపాలి. పాత వెర్షన్లయితే వ్యూబాక్స్‌ను కూడా తీసేస్తాయి, అదీ చూసుకోండి.

పేజీలో పెట్టి కదిలించడం

ఎస్‌వీజీని ఇమేజ్ ట్యాగ్‌తో పెడితే బొమ్మ కనపడుతుంది కానీ లోపలి గీతలు మీ స్క్రిప్ట్‌కు అందవు. ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, ఎస్‌వీజీ ట్యాగ్ నుంచి చివరిదాకా కాపీ చేసి హెచ్‌టీఎమ్ఎల్‌లోనే అతికించండి.

స్క్రిప్ట్ చేయాల్సింది ఇదీ. క్వెరీ సెలెక్టర్ ఆల్‌తో ముగ్గులోని పాత్‌లన్నీ తీసుకోండి. ఒక్కోదానికీ గెట్‌టోటల్‌లెంగ్త్ అడిగి, మ్యాథ్ డాట్ సీల్‌తో పై అంకెకు పెంచి దాచుకోండి, లేకపోతే చివర్లో వెంట్రుకంత గీత మిగిలిపోయే అవకాశముంది. తర్వాత స్టైల్‌లో స్ట్రోక్‌డాష్‌అరేకు రెండు అంకెలు ఇవ్వండి: మొదటిది పొడవు, రెండోది పొడవుకు 20 కలిపి. స్ట్రోక్‌డాష్‌ఆఫ్‌సెట్‌కు పొడవుకు 10 కలిపి ఇవ్వండి. ఈ 20, ఈ 10 ఎందుకంటే, ముగ్గు గీతకు కొసలు గుండ్రంగా ఉండాలని స్ట్రోక్-లైన్‌క్యాప్ రౌండ్ పెడతాం కదా, సరిగ్గా పొడవంతే పెడితే గీత మొదలవక ముందే కొన్ని బ్రౌజర్లలో ఆ కొస ఒక చుక్కలా కనపడుతూ ఉంటుంది. ఖాళీని రెండు పక్కలా కాస్త పెంచితే ఆ చుక్క పోతుంది. మీ గీత మందం 20 కంటే ఎక్కువైతే ఈ అంకెలు కూడా పెంచాలి.

జావాస్క్రిప్ట్ నుంచి స్టైల్ రాసేటప్పుడు హైఫన్లు ఉండవు, స్ట్రోక్‌డాష్‌ఆఫ్‌సెట్ ఒకే పదం, డాష్‌లోని డీ పెద్దక్షరం. ఆఫ్‌సెట్‌లోని ఓ మాత్రం చిన్నదే.

ఇప్పుడు కాలం. చాలామంది ప్రతి గీతకూ రెండు సెకన్లు అని ఒకే సమయం ఇచ్చేస్తారు, అప్పుడు పెద్ద మెలిక పరుగెత్తుతుంది, మూలలో చిన్న ఆకు నత్తనడక నడుస్తుంది. చేతికి అలాంటి లెక్క ఉండదు. కాబట్టి సమయం కాకుండా వేగం నిర్ణయించుకోండి, సెకనుకు 400 యూనిట్లు అనుకుందాం. 2000 పొడవున్న మెలికకు ఐదు సెకన్లు, 100 పొడవున్న ఆకుకు పావు సెకను. మిల్లీసెకన్లలో కావాలి కాబట్టి పొడవును 400తో భాగించి 1000తో గుణించండి. ముందు గీతల సమయాలన్నీ ఒక వేరియబుల్‌లో కూడుతూ పోతే తర్వాతి గీతకు డిలే అదే. రెండు గీతల మధ్య 120 మిల్లీసెకన్లు విరామం కలపండి, చెయ్యెత్తి ఇంకో చోట పెట్టినట్టు ఉంటుంది. ఈ చిన్న విరామంతో బొమ్మ ఎంత మారిపోతుందో ఒకసారి పెట్టి, ఒకసారి తీసి చూడండి.

ఇక కదలికను వెబ్ యానిమేషన్స్‌లోని యానిమేట్ ఫంక్షన్‌కు అప్పగించండి. మొదటి కీఫ్రేమ్‌లో, అంటే కదలిక మొదటి దశలో, స్ట్రోక్‌డాష్‌ఆఫ్‌సెట్ పొడవు ప్లస్ 10, రెండో దాంట్లో సున్నా, ఆపై డ్యూరేషన్, డిలే, ఫిల్‌కు ఫార్వర్డ్స్ (ఈ ఫిల్ రంగు కాదు, కదలిక అయ్యాక ఏం చేయాలో చెప్పేది). ఫిల్ ఇవ్వకపోతే గీత పూర్తవగానే మాయమై మొదటికి వస్తుంది. ఈజింగ్, అంటే వేగం పెరిగే తగ్గే తీరు, విషయంలో పొడుగు మెలికకు లీనియర్ బాగుంటుంది, పొట్టి గీతలకు ఈజ్-ఇన్-అవుట్. పూర్తయిన గీతకు ఆన్‌ఫినిష్‌లో డాష్‌అరేను నన్ అని మార్చేయండి. ఇక అది మామూలు గీత, తర్వాత ఏం మారినా ఎక్కడా తెంపు కనపడదు.

చుక్కలకు ఇదంతా అవసరం లేదు. సర్కిల్స్‌ను ఒపాసిటీ సున్నాతో పెట్టి, ఒక్కోదాన్ని 60 మిల్లీసెకన్ల తేడాతో ఒకటికి తెస్తే టపటపా పడతాయి. ఆ మొత్తం సమయాన్ని మెలిక డిలేకు కలపడం మర్చిపోవద్దు.

అన్ని బొమ్మలూ ఒకదాని తర్వాత ఒకటి గీయాల్సినవి కావు. నాగార్జునసాగర్ డ్యామ్ గీస్తున్నారంటే 26 గేట్లు ఒక్కోటి వరుసగా పూర్తయ్యే దాకా చూసే ఓపిక ఎవరికీ ఉండదు. గోడ గీత పడ్డాక గేట్లన్నీ 80 మిల్లీసెకన్ల తేడాతో, ఒకదాని మీద ఒకటి సమయం పంచుకుంటూ మొదలవ్వాలి. అప్పుడు ఒక కొస నుంచి ఇంకో కొసకు అలలా లేస్తాయి.

స్క్రోల్ చేసినప్పుడు

ముగ్గు పేజీ అడుగున ఉంటే, చదివేవాళ్లు అక్కడికి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ పెట్టి థ్రెషోల్డ్ 0.4 ఇవ్వండి, బొమ్మలో నలభై శాతం తెర మీదికి వచ్చాకే మొదలవుతుంది. మొదలయ్యాక అన్అబ్జర్వ్ చేయండి, లేకపోతే పైకి కిందికి పోయినప్పుడల్లా మళ్లీ మళ్లీ పడుతుంది.

వేలితో జరిపేకొద్దీ గీత ముందుకు వెనక్కు పోవాలంటే లెక్క వేరు. గీతల పొడవులన్నీ కూడండి. స్క్రోల్ ఎంత శాతం అయిందో ఆ మొత్తంతో గుణించండి. ఒక్కో గీతకూ అందులోంచి దాని ముందున్న గీతల పొడవు తీసేస్తే ఎంత గీయాలో వస్తుంది, అది సున్నా కంటే తక్కువైతే సున్నా, దాని పొడవు కంటే ఎక్కువైతే దాని పొడవు. పొడవు నుంచి ఆ అంకె తీసేస్తే ఆఫ్‌సెట్. గీయాల్సింది సున్నా ఉన్న గీతకు మాత్రం పొడవు ప్లస్ 10 పెట్టండి, పైన చెప్పిన చుక్క మళ్లీ రాకుండా. దీన్ని బ్రౌజర్ తెరను మళ్లీ గీసే ముందు నడిచే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ లోపలే చేయండి. ఇక్కడ డాష్‌అరేను నన్ చేయకూడదు, వెనక్కు రావాలి కదా.

ఊరి పేరు చేతిరాతలా రావాలంటే

ఇది అందరూ అడిగేది. పాలమూరు అని పేజీ పైన రాసుకుంటున్నట్టు రావాలి. ఫాంట్ అక్షరాలను పాత్‌గా మారిస్తే వచ్చేది అక్షరం అంచే, కాబట్టి పైన చెప్పిన సమస్యే మళ్లీ: బోలుగా హద్దు గీసుకుంటుంది. సన్నగా ఒకే మందంతో రాత చాలనుకుంటే ఫాంట్ వదిలేసి పెన్ టూల్‌తో చేత్తో రాయండి, అదే సులువు. ఫాంట్ అందం కూడా కావాలంటే మాస్క్ వాడాలి. రంగు నిండిన అక్షరం పైన, దాని నడిమి నుంచి ఒక లావు తెల్ల గీతను మాస్క్‌లో పెట్టి, కదలిక ఆ గీతకు ఇవ్వాలి. తెల్ల గీత ఎక్కడిదాకా పోతే అక్షరం అక్కడిదాకా కనపడుతుంది.

తెలుగులో దీనికి ఒక చిక్కు ఉంది. మన అక్షరాలు గుండ్రం, ఒక సున్నా పక్కనే ఇంకో సున్నా తిరుగుతుంది, లావు మాస్క్ గీత పోతూ పోతూ పక్క వంపులో ముక్కను కూడా ముందే చూపించేస్తుంది. కాబట్టి అక్షరాన్ని రెండు మూడు భాగాలుగా కోసి, ఒక్కో భాగానికి విడిగా మాస్క్ ఇవ్వండి. అక్షరం ఒళ్లు ముందు, తలకట్టో కొమ్మో తర్వాత, ఒత్తు ఉంటే చివర. పలక మీద దిద్దిన వరుసే ఇక్కడా పాటించాలి, లేకపోతే తెలుగు వచ్చినవాళ్ల కంటికి వెంటనే దొరికిపోతుంది.

అయినా పని చేయకపోతే

పొడవు సున్నా వస్తున్నా, ఎర్రర్ వస్తున్నా బొమ్మ డిస్‌ప్లే నన్‌లో ఉండి ఉంటుంది, ముందు చూపించి తర్వాత కొలవండి. గీతలను గుంపుగా కట్టే జీ ట్యాగ్‌కు గెట్‌టోటల్‌లెంగ్త్ లేదు, లోపలి గీతలను పట్టుకోవాలి. గీత సగంలో ఆగిపోతున్నా, ముందే కనపడుతున్నా వెక్టర్-ఎఫెక్ట్ నాన్-స్కేలింగ్-స్ట్రోక్ ఉందేమో చూడండి: దానితో డాష్ కొలతలు తెర లెక్కలోకి మారతాయి, మీరు కొలిచిన పొడవు మాత్రం బొమ్మ లెక్కలోనే ఉంటుంది. రెండూ కలవవు, దాన్ని తీసేయడమే మంచిది.

గీతలు దాచే పని సీఎస్ఎస్‌లో చేయొద్దు, స్క్రిప్ట్‌లోనే చేయండి. సిగ్నల్ సరిగా లేని చోట స్క్రిప్ట్ రాకపోయినా కనీసం ముగ్గు కనపడాలి. కదలిక పడనివాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఫోన్ సెట్టింగుల్లో యానిమేషన్లు తగ్గించుకుని ఉంటారు. మ్యాచ్‌మీడియాతో ప్రిఫర్స్-రిడ్యూస్డ్-మోషన్ చూసి, ఉంటే ఏమీ కదిలించకుండా పూర్తి బొమ్మ చూపించండి. ఎస్‌వీజీకి రోల్‌గా ఐఎమ్‌జీ ఇచ్చి, ఆరియా-లేబుల్‌లో ఐదు చుక్కల మెలిక ముగ్గు అని తెలుగులోనే రాయండి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు అదే బొమ్మ.

లైబ్రరీలు కావాలంటే ఉన్నాయి. వివస్ అచ్చంగా ఈ పని కోసమే చేసింది, చిన్నది. జీసాప్‌లో డ్రాఎస్‌వీజీ ప్లగిన్ 2025 నుంచి అందరికీ ఉచితం, బొమ్మలో చాలా కదలికలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే దాని టైమ్‌లైన్ ఎంతో పని తగ్గిస్తుంది. ఒక్క ముగ్గు కోసమైతే ఏదీ అక్కర్లేదు.

చివరగా ఫోన్‌లో చూడండి, అది కూడా తక్కువ ధర ఆండ్రాయిడ్‌లో. డాష్‌ఆఫ్‌సెట్ మారినప్పుడల్లా బ్రౌజర్ ఆ గీతను మళ్లీ గీయాలి, ఈ పని గ్రాఫిక్స్ చిప్‌కు నేరుగా పోయేది కాదు. అందుకే గీతకు నీడలు, బ్లర్ ఫిల్టర్లు పెట్టకండి, ఒకేసారి కదిలే గీతలను పది పదిహేనుకు మించనివ్వకండి, మాస్క్‌లైతే ఇంకా తక్కువ. ఎక్కడ తడబడుతోందో కంటికి అందకపోతే కంప్యూటర్‌లో క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని యానిమేషన్స్ ప్యానెల్ తెరిచి వేగం 10 శాతానికి తగ్గించండి. ఏ గీత ముందు వస్తోంది, ఏది తప్పు కొస నుంచి మొదలవుతోంది అన్నీ తీరిగ్గా కనపడతాయి, ఇంక్‌స్కేప్‌కు పోయి ఆ గీతను సరిచేసుకుని రావచ్చు.